కమిటీ లేని పక్షులు, గానుగ విడిచిన గాడిదలు: డియెగో గార్సియా కథనాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవిలో 1971 నుంచి అమెరికా సైనిక స్థావరం నడుస్తోంది. స్థావరం కోసం అక్కడి షాగోస్ ప్రజలను వెళ్లగొట్టారు. దీవిని గురించిన అధికార పత్రాల్లోనూ, స్థావర జీవన వర్ణనల్లోనూ, నిర్వాసితుల వాఙ్మూలాల్లోనూ జంతువుల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. పక్షి, కుక్క, గుర్రం, గాడిద, పీత ఏయే సందర్భాల్లో ప్రవేశిస్తున్నాయో, వాటి ప్రవేశంతో ఏ మనిషి మరుగున పడుతున్నాడో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోనసీమ లంకల వ్యవహారంలోని మాటలను, సరమ వృత్తాంతం మొదలుకొని 'గబ్బిలం' వరకు గల తెలుగు సాహిత్య సందర్భాలను ఈ పరిశీలనకు ఆధారం చేసుకుంది.

కీలకపదాలు: డియెగో గార్సియా, షాగోస్ ప్రజలు, సైనిక స్థావరం, జంతువులు, కోరంగి, కోనసీమ, సరమ, గబ్బిలం.

1. ఉపోద్ఘాతం:

ముమ్మిడివరం నుంచి గౌతమి వైపు సాగితే ఊళ్ల పేర్లలోనే నేల స్వభావం వినిపిస్తుంది. గోగుల్లంక, గుత్తెనదీవి, బలుసుతిప్ప, పశువుల్లంక. వీటిలో పశువుల్లంక అనే పేరు ఆగి చూడదగ్గది. ఆ నేలకు గుర్తుగా నిలిచినవి పశువులు. అయితే పశువు తనంతట తాను ఏరు దాటి లంకకు పోలేదని, దాన్ని తోలుకుపోయిన మనిషి ఒకడు ఉన్నాడని ఆ పేరు విన్న ఎవరికైనా అర్థమవుతుంది. తెలుగు గ్రామనామాల్లో జంతువు పేరు మనిషి ఉనికికి సాక్ష్యంగా ఉంటుందే తప్ప మనిషి లేడనడానికి ఆధారం కాదు. గోదావరికి వరద వచ్చినప్పుడు లంక రైతు పశువులను ఏటిగట్టు మీదికి చేర్చే ప్రయత్నం చేస్తాడు. నీటి మధ్య బతికేవారికి ఇల్లు వదలడమంటే ఇంటి జీవాలను ఏం చేయాలనే ప్రశ్న కూడా.

ఈ ప్రాంతానికి, డియెగో గార్సియా చరిత్ర నడిచిన సముద్రానికి పాత సంబంధం ఉంది. తాళ్లరేవు మండలం 2022 నాటి జిల్లాల పునర్విభజనలో కాకినాడ జిల్లాకు పోయినా, శాసనసభ నియోజకవర్గం లెక్కలో ముమ్మిడివరం కిందనే ఉంది. ఆ మండలంలోని కోరంగి ఒకప్పటి పెద్ద రేవు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి మారిషస్ చేరిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అన్నారు. రేవు పేరే మనుషుల పేరైంది. డియెగో గార్సియా ఆనాడు మారిషస్ పాలనకు అనుబంధంగా ఉన్న దీవి. అక్కడి కొబ్బరి తోటల్లో మొదట ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన బానిసలు పనిచేశారు. బానిసత్వం రద్దయ్యాక భారతీయ ఒప్పంద కూలీలు కొందరు వారితో కలిశారు. వీరి సంతతే షాగోస్ ప్రజలు. 1968 నుంచి 1973 వరకు జరిగిన తొలగింపుల తరువాత వారిలో ఎక్కువమంది చేరింది కూడా మారిషస్ రేవు పట్టణం పోర్ట్ లూయీకే. కోరంగీలు దిగిన రేవులోనే షాగోస్ ప్రజలూ దిగారు. ఒకరు పని వెతుక్కుంటూ వచ్చారు, మరొకరు ఊరు పోగొట్టుకుని వచ్చారు.

డియెగో గార్సియా వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. కన్యాకుమారికి దక్షిణంగా దాదాపు 1,800 కిలోమీటర్ల దూరంలో, మధ్యలో ఉప్పుకయ్యను చుట్టుకొని పాదం ముద్ర ఆకారంలో ఉన్న పగడపు దీవి. బ్రిటన్ 1965 నవంబరు 8న షాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసి వేరే వలస ప్రాంతంగా ప్రకటించింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1968లో. అంటే స్వాతంత్ర్యం ఇవ్వకముందే స్థావరానికి కావలసిన నేలను కోసి పక్కన పెట్టుకోవడం జరిగింది. ఈ రాజకీయ చరిత్రను డేవిడ్ వైన్ 'ఐలండ్ ఆఫ్ షేమ్' (2009) అనే గ్రంథంలో వివరంగా రాశాడు. ఇక్కడ పరిశీలించదలచింది ఆ చరిత్రను చెప్పిన భాషను, అందులోనూ జంతువులు వచ్చే చోట్లను.

2. కమిటీ లేని పక్షులు:

1966 ఆగస్టులో బ్రిటిష్ విదేశాంగ కార్యాలయంలో ఇద్దరు ఉన్నతాధికారుల మధ్య నడిచిన ఆంతరంగిక లేఖనం ఈ చర్చకు మొదటి పాఠ్యం. ఉన్నతాధికారి పాల్ గోర్-బూత్, కొన్ని రాళ్లను తమ అధీనంలో ఉంచుకోవడమే ఈ ప్రయత్న లక్ష్యమని, సముద్రపక్షులు తప్ప అక్కడ స్థానిక జనాభా ఉండకూడదని, ఆ పక్షులకు ఇంకా కమిటీ ఏర్పడలేదని రాశాడు. మహిళల స్థితిగతులను చూసే అంతర్జాతీయ కమిటీ పరిధిలోకి పక్షుల హక్కులు రావని చమత్కారం కూడా జోడించాడు. దానికి జవాబుగా డెనిస్ గ్రీన్‌హిల్, పక్షులతో పాటు దురదృష్టవశాత్తు కొందరు టార్జాన్‌లూ మాన్ ఫ్రైడేలూ ఉన్నారని, వారి పుట్టుపూర్వోత్తరాలు అస్పష్టమని అదే ధోరణిలో రాశాడు. గోర్-బూత్ అంతకు కొద్దికాలం ముందు వరకు ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనర్‌గా ఉన్నవాడు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు వలసవాదాన్ని గురించి ఎంత పట్టుదలగా ఉన్నాయో అతనికి తెలియని విషయం కాదు.

ఈ పత్రాన్ని సాధారణంగా అహంకారానికి ఉదాహరణగా ఉటంకిస్తారు. అది నిజమే కాని అంతటితో ఆగితే దాని నిర్మాణం కనిపించదు. ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం స్థిరనివాసులున్న వలస ప్రాంతంపై పాలక దేశానికి బాధ్యతలుంటాయి. కనుక నివాసులు లేరని చెప్పవలసిన అవసరం ఉంది. ఒట్టి నేల అని రాస్తే ఎవరూ నమ్మరు. ఖాళీని నింపడానికి ఏదో ఒక ప్రాణి కావాలి. అక్కడ పక్షి అవసరపడింది. మాట్లాడలేని, అర్జీ పెట్టుకోలేని ప్రాణిని జనాభా స్థానంలో కూర్చోబెట్టి, ఆ తరువాత ఉన్న మనుషులను కూడా ఒక నవల నుంచి, ఒక అడవి కథ నుంచి తెచ్చిన పేర్లతో పిలిచారు. పక్షి వాస్తవం, మనిషి కల్పన అయ్యారు. డీఫో నవలలో క్రూసో తన చిలుకను, కుక్కను, పిల్లులను చుట్టూ కూర్చోబెట్టుకుని రాజులా భోంచేస్తాడు. ఫ్రైడే ఆ దీవికి ఆ తరువాత ఎప్పటికో వస్తాడు. గ్రీన్‌హిల్ వాడిన పోలికలోని లోపం ఇక్కడే ఉంది. షాగోస్ ప్రజలు ఐదు తరాలుగా ఆ దీవుల్లో ఉన్నారు. బయటి నుంచి ఓడలో వచ్చినవారు అధికారులే. పోలికను సరిగా అన్వయిస్తే ఫ్రైడే ఇంటికి క్రూసో వచ్చి, నీవు ఎక్కడివాడివని అడిగినట్లవుతుంది.

జంతువుకు కమిటీ లేదన్న చమత్కారాన్ని తెలుగు సాహిత్య విద్యార్థి మరో పాఠ్యంతో పోల్చకుండా ఉండలేడు. నన్నయ భారతం ఆదిపర్వ ప్రారంభంలో సరమ వృత్తాంతం ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు అకారణంగా కొడతారు. తల్లి సరమ నేరుగా రాజు సభకు వచ్చి ఫిర్యాదు చేస్తుంది. నేరం లేనివారిని, బలం లేనివారిని హింసించినవారికి అనుకోని భయాలు కలుగుతాయని చెప్పి వెళ్లిపోతుంది. జనమేజయుడు ఆ మాటకు కలతచెంది, దాని ఫలాన్ని శాంతింపజేయగల పురోహితుడిని వెతుక్కుంటూ బయలుదేరతాడు. మహాభారతం వంటి మహాకథ తెలుగులో ఒక కుక్క పెట్టిన అర్జీ దగ్గర నుంచి కదలడం చిన్న విషయం కాదు. సరమకూ కమిటీ లేదు. అయినా రాజసభలో ఆమెకు వినికిడి ఉంది, ఆమె మాటకు రాజు భయపడతాడు. 1966 నాటి పత్రంలో భయం లేదు. అందులో పక్షులు మాట్లాడలేవన్న ధీమా ఉంది, మనుషులనూ పక్షుల పక్కనే చేర్చగలమన్న ధీమా కూడా ఉంది.

3. ఊరు లేని ఊరకుక్క:

1971 మార్చిలో అమెరికా నౌకాదళ నిర్మాణ బృందాలు దీవిలో దిగాయి. అదే సంవత్సరం దీవిలోని కుక్కలను చంపించారు. ఆదేశం ఇచ్చినవాడు సీషెల్స్ గవర్నరుగా, కొత్త వలస ప్రాంతపు కమిషనరుగా ఉన్న బ్రూస్ గ్రేట్‌బ్యాచ్. వైన్ సేకరించిన వివరాల ప్రకారం మొదట తుపాకులతో ప్రయత్నించారు, తరువాత విషం పెట్టారు. అవి చాలకపోగా మాంసం ఎరవేసి కొబ్బరి ఎండబెట్టే షెడ్డులోకి తోలి, తలుపులు మూసి, సైనిక వాహనాల పొగను గొట్టాల ద్వారా లోపలికి పంపారు. కళేబరాలను అక్కడే తగులబెట్టారు. చచ్చినవి వందల్లో ఉన్నాయి. అప్పటికింకా దీవిలో మిగిలిన కుటుంబాలు దీన్ని చూశాయి.

ఆంగ్ల కథనాల్లో ఈ కుక్కలను ఒకచోట పెంపుడు జంతువులు అంటారు, మరోచోట దిక్కులేని కుక్కలు అంటారు. ఈ ఊగిసలాటను విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. పెంపుడు కుక్క అంటే ఒక యజమాని, ఒక ఇల్లు ఉండాలి. దిక్కులేని కుక్క అంటే ఎవరికీ చెందనిది, పురపాలక సంఘం పట్టుకుపోవచ్చు. తెలుగులో ఈ రెండింటికీ మధ్య ఊరకుక్క అనే మాట ఉంది. అది ఏ ఒక్క ఇంటిదీ కాదు, అలాగని దిక్కులేనిదీ కాదు. నాలుగిళ్ల ముద్ద తిని నాలుగిళ్ల వాకిలి కాస్తుంది. డియెగో గార్సియాలోని తోటల గ్రామాల్లో మనుషులు కోళ్లు, బాతులు, పందులు పెంచుకుంటూ, తోట యాజమాన్యం ఇచ్చిన తిండిగింజలకు చేపలు జోడించుకుంటూ బతికారు. అటువంటి ఊళ్లో కుక్కల స్థితి ఊరకుక్క అనే మాటకే దగ్గరగా ఉంటుంది. ఈ మాటలో ఒక షరతు ఉంది. ఊరుంటేనే ఊరకుక్క. ఊరును తీసేయాలని నిర్ణయించిన క్షణంలో కుక్క దిక్కులేనిదైంది. దాన్ని దిక్కులేనిదిగా చేసినవారే, దిక్కులేనిది కనుక చంపాలన్నారు.

కుక్కల వధను జాన్ పిల్జర్ డాక్యుమెంటరీ 'స్టీలింగ్ ఎ నేషన్' (2004) కళ్లకు కట్టినట్లు చూపింది. చిత్రానికి అదే బలం, కొంతవరకు అదే బలహీనత. ప్రేక్షకుడు కుక్కల చావుకు చలించినంతగా, అంతకుముందే వైద్యానికో బంధువులను చూడటానికో మారిషస్ వెళ్లినవారిని తిరుగు ఓడ ఎక్కనివ్వకపోవడానికి చలించడు. 1968 నుంచే ఆ పద్ధతి అమలైంది. దీవికి సరుకులు తగ్గించడం కూడా అంతే. అవి నెమ్మదిగా జరిగిన పనులు, కెమెరాకు అందవు. కుక్కల షెడ్డు ఒక దృశ్యం, ఓడ టికెట్టు నిరాకరణ దృశ్యం కాదు. నిర్వాసన కథను కుక్కలతో మొదలుపెట్టే వ్యాసాలన్నీ ఈ చిక్కులో పడతాయి.

గుర్రాల విషయం వేరు. కుక్కలను చంపించిన గ్రేట్‌బ్యాచే గుర్రాలను కాపాడాలన్నాడు. నోర్డ్‌వేర్ అనే ఓడ డెక్కు మీద గుర్రాలను ఎక్కించారు. మనుషులను అడుగు అంతస్తులో కొబ్బరి సరుకు, పక్షిరెట్ట ఎరువు మధ్య ప్రయాణం చేయించారు. సముద్రపక్షులు తప్ప నివాసులు లేరన్న పత్రం రాసిన ఐదేళ్లకు, ఆ పక్షుల రెట్ట బస్తాలు నివాసులకు పడకలయ్యాయి. వరదలో పశువులను ముందు గట్టెక్కించే లంక రైతుకు గుర్రాలను కాపాడటం తప్పుగా తోచదు. అతడు అడిగేది ఒక్కటే: తోలుకుపోయిన మనిషి ఏ గట్టున ఉన్నాడని.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. తిక్కన తెలుగులో చదువుకున్న ఈ ఘట్టాన్ని త్యాగానికి ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. కాని ఆ సన్నివేశంలో వదిలి రమ్మని అడుగుతున్నవాడు ఇంద్రుడు, వద్దనే స్వాతంత్ర్యం ధర్మరాజుకు ఉంది. షాగోస్ స్త్రీలకు ఆ ప్రశ్నే వేయలేదు. నిర్వాసితుల ఉద్యమంలో ముందు నిలిచిన లిజెట్ తలాట్ వంటివారి వాఙ్మూలాల్లో కుక్కల ప్రస్తావన పిల్లల ఏడుపుతో కలిసి వస్తుంది. మారిషస్ చేరాక పిల్లలు చనిపోవడం గురించి చెప్పేటప్పుడు వారి క్రియోల్ భాషలో 'సగ్రెన్' అనే మాట వాడతారు. వైన్ ఈ మాటపై చాలా శ్రద్ధ పెట్టాడు. ఆంగ్లంలో విచారం, దుఃఖం అనే అర్థాలిచ్చే మాటలతో దాన్ని వివరించబోయి, విచారంతో మనిషి చనిపోవడమేమిటన్న పాఠకుడి సందేహాన్ని తీర్చడానికి వైద్యశాస్త్రాన్ని తెచ్చుకోవలసి వచ్చింది. తెలుగు అనువాదకుడికి ఆ ఇబ్బంది ఉండదు. బెంగ అనే మాట ఉంది. బెంగ పెట్టుకుని చిక్కిపోవడం, మంచం పట్టడం, పోవడం తెలుగువారికి వివరణ అక్కరలేని సంగతులు. పైగా ఈ మాట మనిషికీ పశువుకీ ఒకేలా చెల్లుతుంది. సంతలో అమ్మేసిన ఆవు కోసం దూడ బెంగ పెట్టుకుంటుంది, పెంచిన మనిషి లేకపోతే కుక్క బెంగతో తిండి మానేస్తుంది. 'సగ్రెన్'కు బెంగ అని రాసినప్పుడు దీవి మనుషుల బాధ, వారి జీవాల బాధ ఒకే మాటలో ఇముడుతాయి.

షెనాజ్ పటేల్ ఫ్రెంచి నవల 'లె సిలాన్స్ దె షాగోస్' (2005, ఆంగ్లానువాదం 2019) ఈ బెంగను కథావస్తువు చేసుకున్న ముఖ్యమైన రచన. పోర్ట్ లూయీ రేవులో సముద్రం వైపు చూస్తూ నిలబడే షార్లేజియా, నోర్డ్‌వేర్ ఓడలోనే పుట్టి ఆ ఓడ పేరుతో పిలిపించుకున్న దేజిరే ఇందులో పాత్రలు. నివసించిన దీవి పేరు తల్లికి, తరలించిన ఓడ పేరు కొడుక్కి మిగిలింది. రేవు పేరుతో కోరంగీలైనవారి కథతో దీనికున్న పోలిక తెలుగు పాఠకుడికి వెంటనే తడుతుంది. నవలలో షార్లేజియా జ్ఞాపకాల దీవి నిండుగా, లోటు లేకుండా ఉంటుంది. తోట యాజమాన్యం కింది బతుకులోని కాఠిన్యం ఆ జ్ఞాపకాల్లో పలుచబడిందన్న ఆక్షేపణకు అవకాశముంది. కోల్పోయినవారి జ్ఞాపకం అలాగే ఉంటుందని సమర్థించవచ్చు, అయినా నవలను చరిత్రగా చదివేవారు వైన్ గ్రంథంలోని బానిసత్వ అధ్యాయాలను పక్కన పెట్టుకోవలసిందే.

4. గానుగ విడిచిన గాడిద:

ప్రస్తుత స్థావరపు దైనందిన జీవితాన్ని వర్ణించే రచనలు వేరే రకం. అక్కడ పనిచేసివచ్చిన నావికుల, కాంట్రాక్టు ఉద్యోగుల జ్ఞాపకాల్లో కొన్ని విషయాలు మళ్లీమళ్లీ వస్తాయి. కుటుంబాలను వెంట తీసుకుపోవడానికి అనుమతి లేదు. సాధారణంగా ఏడాది కొలువు. సైకిళ్ల మీద తిరగడం, చేపలు పట్టడం, వంటశాలలో ఫిలిప్పీన్ కార్మికులు, రాత్రిళ్లు రోడ్డు దాటే కొబ్బరి పీతలు, తూర్పు వైపున పాత తోట శిథిలాల దగ్గర తిరిగే గాడిదలు. పీతలకు హాని చేస్తే జరిమానా. గాడిదల జోలికీ పోకూడదు. ఈ రచనల్లో మనుషులు ఏడాదికోసారి మారిపోతారు. స్థిరంగా కనిపించేవి జంతువులే. కనుక దీవికి జ్ఞాపకం, కొనసాగింపు అనేవి ఏమైనా ఉంటే అవి గాడిదకూ పీతకూ దక్కుతాయి. తెలియకుండానే ఈ రచయితలు గోర్-బూత్ వాక్యాన్ని నిజం చేస్తున్నారు: స్థానిక జనాభా అంటే జంతువులే.

గాడిదను ఈ రచనలు 'ఫెరల్' అని పిలుస్తాయి. పెంపకం నుంచి అడవి స్థితికి మరలిన జంతువు అని ఆ మాటకు అర్థం. తెలుగులో దీనికి ఒంటిమాట లేదు. అడవి గాడిద అంటే అది వేరే జాతి. మచ్చిక తప్పిన గాడిద అనవలసి వస్తుంది. అలా అనగానే మచ్చిక చేసిందెవరన్న ప్రశ్న వెంట వస్తుంది. 'ఫెరల్' అనే మాట ఆ ప్రశ్నను అడగనివ్వదు. అది జంతువు ప్రస్తుత స్థితిని చెప్పి గతాన్ని వదిలేస్తుంది. తెలుగులో ఆంబోతు కూడా కట్టులేకుండా తిరిగేదే. కాని అచ్చు వేసి వదిలిన మనిషిని, వదలడానికి గల కారణాన్ని ఆంబోతు ఒంటి మీదే మోస్తుంది.

డియెగో గార్సియా గాడిదలు తోటల్లో బండ్లు లాగాయి, కొబ్బరి నూనె గానుగలు తిప్పాయి. కోనసీమవాసికి ఇందులో తెలియనిదేదీ లేదు. దింపు తీసేవాడు, పీచు ఒలిచేవాడు, చిప్ప నుంచి కొబ్బరి విడదీసేవారు, ఎండబెట్టేవారు, గానుగ దగ్గర నిలబడేవాడు, గానుగ తిప్పే జీవం. ఇక్కడ ఎద్దు, అక్కడ గాడిద. కొబ్బరి నుంచి నూనె వచ్చే దారిలో అది ఆఖరు కార్మికుడు. అదే తోటలో అదే యజమాని కింద పనిచేసిన ఇద్దరిలో రెండు కాళ్లవాడిని ఓడెక్కించి పంపారు, నాలుగు కాళ్లదాన్ని ఉంచి రక్షిత ప్రాణి అన్నారు. శిథిలాల పక్కన మేస్తున్న గాడిద ఫోటో స్థావర జీవిత రచనల్లో ప్రకృతి చిత్రంగా వస్తుంది. నిజానికి అది ఒక పని ఆగిపోయిన తరువాతి చిత్రం. ఎండు కొబ్బరి షెడ్డు కూడా అలాంటిదే. గానుగకు కొబ్బరి అందించిన అలాంటి షెడ్డులోనే కుక్కలను చంపారన్న మాట ఆ ఫోటో కింద ఎవరూ రాయరు.

5. రక్షిత జలాలు, నిషిద్ధ మనుషులు:

జంతు సంరక్షణ అంతా నటన అనడం తేలిక, న్యాయం కాదు. డియెగో గార్సియా తూర్పు భాగం 2001 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. బార్టన్ పాయింట్ దగ్గర ఎర్రకాళ్ల సముద్రపక్షులు పెద్ద సంఖ్యలో గూళ్లు కడతాయి. పచ్చ తాబేళ్లు, అలుగు తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇతర దీవుల్లో తిండికి దొరికిన చోటల్లా తరిగిపోతున్న కొబ్బరి పీత ఇక్కడ నిలిచి ఉంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొబ్బరి తోటలు వేయడానికి మొదటి యజమానులు నరికించింది ఆ దీవుల సహజ వనాన్నే. ఎలుకలు, పిల్లులు మనుషుల ఓడల్లోనే వచ్చి పక్షుల గూళ్లపై పడ్డాయి. షాగోస్ ప్రజలు ప్రకృతితో ఏకమై బతికారన్న కథనం కూడా కొంత అలంకారమే. పక్షి శాస్త్రవేత్తల నివేదికలను కుట్రగా చదివే విమర్శ తన వాదాన్ని తానే బలహీనపరచుకుంటుంది.

అభ్యంతరం సంరక్షణపై కాదు, దాని సరిహద్దు గీసిన తీరుపై. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్ షాగోస్ చుట్టూ ఆరు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. డియెగో గార్సియాను, దాని చుట్టూ మూడు నాటికల్ మైళ్ల నీటిని మాత్రం అందులో చేర్చలేదు. స్థావరం ఉన్న చోట చేపలు పట్టవచ్చు, స్థావరం లేని చోట పట్టకూడదు. 2009లో లండన్ నుంచి వెళ్లిన అమెరికా దౌత్య సందేశం తరువాత వికీలీక్స్ ద్వారా బయటపడింది. రక్షిత ప్రాంతం ఏర్పడితే పూర్వ నివాసుల పునరాగమన కోరిక కష్టసాధ్యమవుతుందని బ్రిటిష్ అధికారి చెప్పినట్లు అందులో నమోదైంది. నలభై మూడేళ్ల తరువాత కూడా ఆ సంభాషణలో మాన్ ఫ్రైడే అనే మాట మళ్లీ దొర్లింది. 1966లో పక్షి జోకు, 2009లో పగడపు దిబ్బ విధానం. ఈ రెండింటి మధ్య అధికార భాష మర్యాద నేర్చుకుంది, వాక్యనిర్మాణం మారలేదు. 2015 మార్చిలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్, మారిషస్ హక్కులను పట్టించుకోకుండా చేసిన ఈ ప్రకటన సముద్ర న్యాయ ఒడంబడికకు విరుద్ధమని తేల్చింది. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం, షాగోస్‌ను విడదీయడమే చట్టబద్ధం కాదని సలహాభిప్రాయం ఇచ్చింది.

జంతువుకు ప్రవేశముండి మనిషికి లేని చోటును తెలుగు కవిత్వం ముందే చూసింది. జాషువా 'గబ్బిలం' (1941) కథా సందర్భం అదే. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన కష్టాన్ని కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం గుడి కప్పుకు వేలాడవచ్చు, దాన్ని ఎవరూ వెళ్లగొట్టరు. కాళిదాసు మేఘసందేశంతో పోల్చి ఈ కావ్యాన్ని సందేశకావ్య సంప్రదాయంలో పరిశీలించినవారున్నారు. దూతగా ఎంచుకున్న ప్రాణి ఎంపికలోనే ఆరోపణ ఉందన్నది అంతకంటే ముఖ్యం. జాషువా గబ్బిలాన్ని ద్వేషించలేదు. దానికి ఆతిథ్యమిచ్చాడు, దానితో ఆత్మీయంగా మాట్లాడాడు. గబ్బిలానికి ఉన్న చోటు తనకెందుకు లేదన్నదే అతని ప్రశ్న. షాగోస్ విమర్శకూ ఇది సరైన మార్గం. గాడిదను, పీతను, ఎర్రకాళ్ల పక్షిని తప్పుపట్టకుండా, వాటికి దక్కిన నివాసహక్కును ప్రమాణంగా తీసుకుని మనిషి స్థితిని కొలవవచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. 'గబ్బిలం'లో మనిషికి గుడి మూసి ఉన్నా, మాట పంపుకునే నేల కాళ్ల కింద ఉంది. పోర్ట్ లూయీ మురికివాడలో నిలబడ్డవారికి ఆ నేల కూడా రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. 2006 ఏప్రిల్‌లో వందమంది వరకు నిర్వాసితులను పూర్వుల సమాధులు చూసిరావడానికి ఓడలో తీసుకువెళ్లారు. చూసి, శుభ్రం చేసి, తిరిగి ఓడెక్కారు.

6. మన తీరానికి సంబంధించి:

ఈ పరిశీలన తెలుగు పరిశోధకుడికి దూరపు దీవి ముచ్చటగా మిగలవలసిన పని లేదు. ఒడిశా తీరంలో క్షిపణి ప్రయోగ కేంద్రమున్న అబ్దుల్ కలాం దీవి, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే గహిర్‌మఠ తీరానికి పొరుగున ఉంది. తాబేళ్ల కాలంలో అక్కడ దీపాల వెలుగు తగ్గించడం గురించి పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. అవే తాబేళ్లు కోనసీమ తీరానికీ వస్తాయి. కృష్ణా జిల్లా నాగాయలంక మండలం గుల్లలమోదలో రక్షణ పరిశోధన సంస్థ క్షిపణి పరీక్షా కేంద్రం తలపెట్టింది. ఆ ప్రాంతం కృష్ణా అభయారణ్యం పరిధికి చెందినది, మడ అడవుల్లో బావురుపిల్లికి ఆశ్రయం. ప్రతిపాదనపై జరిగిన చర్చలో బావురుపిల్లి, తాబేలు తరచుగా వచ్చాయి. రావడం మంచిదే. వాటి పక్కన వల వేసే మత్స్యకారుడు, పీతలు పట్టే కుటుంబం ఏ పదాలతో నమోదవుతున్నారో చూడటం సాహిత్య విమర్శకుడి పని కూడా. స్థావరాలు దేశరక్షణకు అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పత్రాల భాష చదవడానికి ఆ చర్చ ముగిసేదాకా ఆగనక్కరలేదు. పర్యావరణ నివేదిక కూడా ఒక రచన. అందులో కర్త ఎవరు, క్రియ ఎవరిది, ఏ ప్రాణికి పేరుంది, ఎవరిని సంఖ్యగా మార్చారు అన్న ప్రశ్నలు కావ్యానికి వేసినట్లే దానికీ వేయవచ్చు.

2025 మే 22న బ్రిటన్, మారిషస్‌ల మధ్య ఒక ఒప్పందంపై సంతకాలు జరిగాయి. షాగోస్‌పై సార్వభౌమాధికారం మారిషస్‌దని అంగీకరిస్తూనే, డియెగో గార్సియా వినియోగాన్ని 99 ఏళ్లపాటు బ్రిటన్ తన చేతిలో ఉంచుకునేలా అందులో రాసుకున్నారు. మిగతా దీవుల్లో షాగోస్ ప్రజలను తిరిగి స్థిరపరచడానికి మారిషస్‌కు వీలు కల్పించారు. డియెగో గార్సియాలో మాత్రం ఆ వీలు లేదు. గానుగ విడిచిన గాడిదలు అక్కడే మేస్తున్నాయి.